నీళ్ల వీధుల ఊరు

ఇటలీ దేశంలో వెనిస్ అనే ఊరుంది. ఆ ఊళ్లో బస్సు లేదు. ఆటో లేదు. సైకిలు కూడా తొక్కనివ్వరు. సందుల్లో నడవాలి, కాలువల్లో పడవ ఎక్కాలి. రోగిని ఆసుపత్రికి తీసుకుపోయేదీ పడవే. చెత్త ఎత్తేదీ పడవే.

చూడవచ్చినవాళ్లు రియాల్టో వంతెన దగ్గర దిగుతారు. పక్కనే చేపల బజారు. అక్కడి నుంచి సెయింట్ మార్క్ చర్చికి నడిచిపోతారు. లోపల పైకప్పు నిండా బంగారు రేకు పొదిగిన గాజు ముక్కలే.

మధ్యాహ్నం ఆకలేస్తుంది. ఉల్లిపాయ, వినిగరులో ఊరిన చేపలు అక్కడ పేరుపడ్డ వంట. మన ఊరగాయ లాగే నిలవ ఉంటుందని పూర్వం పడవలవాళ్లు చేసుకునేవారు. కూర్చునే ముందు ధరల పట్టీ చదవాలి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర. కుర్చీలో కూర్చుంటే ఎక్కువ ధర. చర్చి ముందరి హోటళ్లలో సంగీతం వినిపిస్తారు. దానికీ డబ్బు వేస్తారు!

ఇంతమంది వస్తే ఊరికి లాభమే అనుకుంటాం. కానీ చాలా ఇళ్లు లాడ్జీలయ్యాయి. అద్దెలు పెరిగాయి. 1951లో అక్కడ సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 మంది కూడా లేరు. 2024 నుంచి, కొన్ని రోజుల్లో, పగటిపూట వచ్చిపోయేవారి దగ్గర రుసుం తీసుకుంటున్నారు. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు అద్దంలో, ఊళ్లో ఎందరు మిగిలారో అంకె పెట్టారు. 2008లో మొదట పెట్టినప్పుడు అది దాదాపు 60,000.