ట్రక్కు బ్రేకు ఆయిలు, స్టీరింగు ఆయిలు: మార్చు వేళ, మార్చు విధము

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు పోవు దారులు మిరపబస్తాల బండ్లతో నిండిపోవును. ఆ బండ్ల యజమానులు విజయదశమినాడు ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి, ముందు నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టినవారే. టైర్లను తట్టి చూతురు. ఇంజను ఆయిలు తప్పక మార్పింతురు. కాని బానెట్టు క్రింద ఒక మూలనున్న చిన్న ప్లాస్టికు డబ్బా మూతను తీసి చూచువారు అరుదు. బండి ఆగుట, ఆగకపోవుట ఆ డబ్బాలోని ద్రవముపై ఆధారపడియున్నది. దానిని గురించియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. పెద్ద లారీలకు ఉండునవి గాలి బ్రేకులు. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్లకొరకు పేటెంటు పొందిన గాలి బ్రేకు జాతికి చెందినవే ఇవి. కాజీపేట జంక్షనులో ఆగు రైళ్లను నిలుపునదియు గాలియే. ఇట్టి లారీలలో బ్రేకు ఆయిలు ఉండదు. గాలి టాంకులలో చేరు నీటిని మాత్రము వదలుచుండవలెను. అయినను పెక్కు పెద్ద లారీల క్లచ్చి ఈ ద్రవముతోనే పనిచేయును గనుక వారికిని ఈ విషయము అక్కరకు వచ్చును. చిన్న ట్రక్కులలో చాలవరకు బ్రేకులు ద్రవముతోనే పట్టును.

మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దములో పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు నిరూపించెను. డ్రైవరు పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము పైపులగుండా చక్రములకు ఆ ఒత్తిడిని చేరవేయును. ద్రవము నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోవును. ఈ ఒక్క ముక్క మరువకున్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

జనులు బ్రేకు ఆయిలు అనుచున్నను నిజమునకు అది నూనె కాదు. అది సాధారణముగా గ్లైకాల్ జాతి రసాయనము. దానికి నీటిని పీల్చుకొను గుణము కలదు. వానకాలపు ఉప్పు చెమ్మగిలినట్లు, అదియు రబ్బరు గొట్టములనుండి, మూత సందులనుండి గాలిలోని తేమను కొంచెము కొంచెముగా గ్రహించును. డాట్ 3 రకము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని నియమము, నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన పిమ్మట ఆ హద్దు 140కి దిగును. డాట్ 4 రకమునకు ఈ హద్దులు 230, 155 డిగ్రీలు.

ఇక వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము నిండుబరువుతో శ్రీశైలము ఘాటు దిగుచున్న ట్రక్కును ఊహింపుడు. అడుగడుగునకు బ్రేకు పడుచుండుటచే డ్రమ్ములు కాలిపోవును. ఆ వేడి చక్రముల కడనున్న ద్రవమునకు సోకును. తేమపట్టిన పాత ద్రవము మరిగి ఆవిరియగును. అప్పుడు డ్రైవరు ఎంత త్రొక్కినను ఆవిరి నొక్కుకుపోవునే గాని బ్రేకు పట్టదు. పెడలు నేలను తాకును. చల్లారిన పిదప బ్రేకు మరల పట్టవచ్చును. అందుచేతనే షెడ్డులో పరీక్షించినప్పుడు లోపము కానరాదు.

ఎప్పుడు మార్చవలెను? బండితో వచ్చిన పుస్తకములోని గడువే ప్రమాణము. పెక్కు బండ్లకు అది రెండేండ్ల ప్రాంతమున ఉండును. బండి తిరుగకున్నను తేమ చేరకమానదు గనుక కిలోమీటర్లతోపాటు కాలమునుకూడ లెక్కింపవలెను. రంగు నల్లబడుట ఒక గుర్తేగాని, తేటగా నున్నంతమాత్రమున మంచిదని నమ్మరాదు. తేమను చూపు చిన్న పరికరములు లభించును. పెడలు మెత్తబడినను, డబ్బాలో మట్టము తగ్గినను వెంటనే చూపింపవలెను. మట్టము తగ్గుటకు లీకు గాని, లైనర్ల అరుగుదల గాని కారణము కావచ్చును.

మార్చు విధము ఇది. బండిని చదును నేలపై నిలిపి చక్రములకు అడ్డుచెక్కలు వేయవలెను. డబ్బా మూతచుట్టు తుడిచి, పాత ద్రవమును సిరంజితో తీసి, సీలు విప్పని క్రొత్త డబ్బానుండి క్రొత్తది పోయవలెను. సాధారణముగా మాస్టరు సిలిండరుకు మిక్కిలి దూరముననున్న చక్రముతో, అనగా మన బండ్లలో తరచుగా ఎడమ వెనుక చక్రముతో, ప్రారంభింతురు. నిపిలుకు పారదర్శకమైన గొట్టము తగిలించి, దాని రెండవ కొనను కొంత క్రొత్త ద్రవమున్న సీసాలో ముంచవలెను. ఒకరు పెడలు త్రొక్కి పట్టియుండగా మరొకరు నిపిలు వదులుచేసి, పెడలు లేపకమునుపే బిగింపవలెను. గాలిబుడగలు లేని తేట ద్రవము వచ్చువరకు ఇట్లు చేసి, తక్కిన చక్రములకును చేయవలెను. నడుమ పై డబ్బా ఎండిపోరాదు. ఎండినచో గాలి చొచ్చి పని మొదటికి వచ్చును. ఏబీఎస్ గల కొన్ని బండ్లకు యంత్రసహాయము కావలసియుండును గనుక వానిని ఎరిగిన షెడ్డుకే పంపవలెను. పని ముగిసిన పిమ్మట పెడలు గట్టిగా నిలిచినదని రూఢిచేసికొని, ఖాళీస్థలమున మెల్లగా నడిపి చూచిన పిదపనే బరువు ఎక్కింపవలెను.

పవర్ స్టీరింగు సంగతి వేరు. అందులోనిది నిజముగా నూనెయే. ఎలక్ట్రికు స్టీరింగు గల బండ్లకు అదియు ఉండదు. చక్రము త్రిప్పునప్పుడు పంపు మూలిగినను, స్టీరింగు బరువెక్కినను, నూనె నురుగెత్తినను, మాడువాసన కొట్టినను మొదట లీకు వెదకి, పిదప నూనె మార్పింపవలెను. ముందు చక్రములను జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపియుంచి, నూనె తిరిగివచ్చు గొట్టమును విప్పి పాత్రలో నుంచి, డబ్బావైపు రంధ్రమును మూయవలెను. ఒకరు స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు మెల్లగా త్రిప్పుచుండగా మరొకరు క్రొత్త నూనె పోయుచుండవలెను. తేట నూనె వచ్చినంతట గొట్టము బిగించి, మట్టము సరిచేసి, ఇంజను నడిపి మరల చూడవలెను. చివరి కొనకు త్రిప్పి అట్లే పట్టియుంచినచో పంపు వేడెక్కి చెడును.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక: ఒకదాని డబ్బాలో మరొకటి పోయరాదు. బ్రేకులో స్టీరింగు నూనె చుక్క పడినను రబ్బరు వాచర్లు ఉబ్బి చెడును. అట్లు జరిగినచో బండిని కదలింపక మెకానికును పిలువవలెను. తీసిన పాత ద్రవములను మోరీలో పోయక, వేరువేరు డబ్బాలలో పట్టి, అనుమతిగల సేకరణదారుకు అప్పగింపవలెను.

నిమ్మకాయలు కట్టు చేతితోనే ఆ చిన్న మూతనుకూడ తీసి చూడుడు. బండి వెనుక బస్తాలున్నవి. ముందు దారిలో మనుష్యులున్నారు.