గోధుమ రంగు ఎంత పైకెక్కింది?

నోటి క్యాన్సర్‌ను ముదరకముందే పట్టిచ్చే ప్రొటీన్ పరీక్షల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. గడువు దగ్గరపడుతోంది. అంత తేలిగ్గా పట్టిస్తాయా అన్న అనుమానంతోనే బయల్దేరాను. చదవడానికి కాగితాలు బోలెడు దొరికాయి గానీ, నన్ను కదలనివ్వనిది వేలెడంత గాజు స్లైడు. ఈ కథనంలో పెద్ద వాటా దానిదే.

బుగ్గ లోపలి తెల్ల మచ్చ నుంచి డాక్టరు కందిగింజంత ముక్క తీస్తారు. దాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ మీద సుమారు 4 మైక్రాన్ల మందంలో పొరలు కోస్తారు. మామూలు ముక్క పరీక్షకు రెండు రంగులు చాలు. కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీగా కనిపిస్తాయి. మార్కర్, అంటే జబ్బును సూచించే ప్రొటీన్, చూడాలంటే తతంగం పెరుగుతుంది. ఫార్మలిన్ ప్రొటీన్లను బిగించేస్తుంది. ఆ బిగింపు వదలడానికి స్లైడును సిట్రేట్ ద్రావణంలో ఉడికిస్తారు. ఎన్నో ల్యాబుల్లో ఆ పనికి వాడేది మన వంటింటి ప్రెషర్ కుక్కరే. తర్వాత కావలసిన ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. అది అంటుకున్నచోట గోధుమ రంగు తేలుతుంది.

నేను చూసింది కి-67. విభజనలో ఉన్న కణాల్లోనే కనిపించే ప్రొటీన్ ఇది. ఆరోగ్యంగా ఉన్న నోటి పొరలో గోధుమ చుక్కలు అడుగు వరసలు దాటవు. పైకి వెళ్లేకొద్దీ కణాలు విభజన మానేసి, చదునై, చివరికి రాలిపోతాయి. పక్కనే పెట్టిన మరో స్లైడులో చుక్కలు మధ్య వరసలు దాటి పైదాకా పాకాయి. రాలిపోవాల్సిన కణాలు ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి. కంటికి అదొక తెల్ల మచ్చే.

పి53 కథ వేరు. కణం గాడి తప్పకుండా కాపలా కాసే ఈ ప్రొటీన్ మామూలుగా పుట్టిన కాసేపటికే కరిగిపోతుంది. జన్యువు చెడితే చాలాసార్లు కరగకుండా పేరుకుంటుంది, స్లైడంతా గోధుమ మయం అవుతుంది. కొన్ని రకాల మార్పుల్లో అసలు తయారే కాదు, స్లైడు శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రతా ప్రమాదమే. సైటోకెరటిన్ 13 అనే ప్రొటీన్ మాయమై సైటోకెరటిన్ 17 తలెత్తడం కూడా పాథాలజిస్టును జాగ్రత్తపడమనే గుర్తు.

చరిత్ర క్లుప్తంగా: యాంటీబాడీకి రంగు తగిలించి కణజాలంలో పదార్థాన్ని వెతకడం 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందంతో మొదలైంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి చూపారు, 1984లో నోబెల్ అందుకున్నారు. పి53 బయటపడింది 1979లో. కి-67 యాంటీబాడీ 1983లో జర్మనీలోని కీల్ నుంచి వచ్చింది.

ఇంత అందమైన పరీక్ష మీద నా అనుమానం ఎందుకు పోలేదో చెప్పాలి. ఒకే స్లైడును ఒకరు ‘స్వల్ప మార్పు’ అంటే మరొకరు ‘మధ్యస్థం’ అంటారు. అలాంటి ఊగిసలాటలో మార్కర్ గట్టి సాక్ష్యం. కానీ ఈ తెల్ల మచ్చ రేపు క్యాన్సర్ అవుతుందా అని రోగి అడిగితే ఒంటరిగా జవాబు చెప్పగల మార్కర్ ఇప్పటికీ లేదు. ఎంత శాతం చుక్కలుంటే ప్రమాదమనేది కూడా ల్యాబుకో తీరు. గొంతు క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్‌ను సూచించే పి16, గుట్కా, ఖైనీ తెచ్చే నోటి క్యాన్సర్‌లో అంతగా అక్కరకు రాదు. చివరి మాట ఇప్పటికీ నీలం, గులాబీ రంగుల మామూలు స్లైడుదే.

మన గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలోని తక్కెళ్లపాడులో సిబార్ దంత వైద్య కళాశాల ఉంది. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే. పండించేదీ మనమే, బుగ్గన పెట్టుకునేదీ మనమే. అయినా ముక్క పరీక్ష అనగానే ‘కత్తి తగిలితే పాకుతుంది’ అని వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పటికీ ఎందరో. అలా పాకుతుందన్నది అపోహ. పాకనిచ్చేది ఆలస్యమే. ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2020 అంచనాల్లో దేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు 1.35 లక్షలు దాటాయి. ముక్కే రాకపోతే కుక్కరూ, యాంటీబాడీ ఎందుకు?

ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అంగిలిని ఏం చేస్తోందో తేల్చింది ఏ మార్కరూ కాదు. పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అది. నేను చదివిన వాటిలో ఎక్కువ గౌరవం కలిగింది దాని మీదే.

మిరప మీద పడిన నింద

గుంటూరు మనిషి గోంగూర పచ్చడి ముద్ద పెట్టుకోగానే ‘నోరు మండిపోతోంది’ అంటూ పళ్లెం తోసేస్తే అది అల్సర్ అనుకోకండి. నోటి లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌కు తొలి గుర్తు తరచూ ఇదే. రానురాను నోరు తెరుచుకోదు, మూడు వేళ్లు నిలువుగా పట్టవు. ఇదీ క్యాన్సర్‌కు దారితీయగల జబ్బే. 1960లో సిర్సాత్, ఖనోల్కర్ ఎలుకల అంగిలికి మిరపలోని క్యాప్సైసిన్ పూసి ఇలాంటి మార్పులు చూశామన్నారు. దాంతో మిరప చాలాకాలం బోనులో నిలబడింది. తర్వాతి పరిశోధనలు వేలు చూపింది వక్క వైపు. అందులోని ఆల్కలాయిడ్లు పీచు కణాలను రెచ్చగొడతాయి. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలవని వక్కను కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కిళ్లీ కొట్లలో వేలాడే వక్కపొడి పొట్లాలకు ఈ మాట వర్తిస్తుంది.