పెనుకొండ గగన్ మహల్: విజయనగర రాజగృహ నిర్మాణ పరిశీలన

నల్లమాడ, బుక్కపట్నం, పెనుకొండలు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022కు పూర్వం ఇవి అనంతపురం జిల్లాలోనివి. కరువుసీమగా పేరుపడిన ఈ మెట్ట ప్రాంతం ఒకప్పుడు విజయనగర సామ్రాజ్య పాలనలో ముఖ్యస్థానం వహించింది. 14వ శతాబ్దిలో మొదటి బుక్కరాయలు పెనుకొండ రాజ్యాన్ని తన కుమారుడు వీర విరూపణ్ణ ఒడయరుకు అప్పగించాడు. నాటి నుండి పెనుకొండ దుర్గం సామ్రాజ్యపు ప్రధాన కేంద్రాలలో ఒకటైంది. ఆ కోట పట్టణంలో నేటికీ నిలిచి ఉన్న రాజగృహం గగన్ మహల్.

దీనిని విజయనగర రాజుల వేసవి విడిదిగా స్థానికులు చెప్పుకొంటారు. అయితే 1565లో జరిగిన రక్కసి తంగడి యుద్ధం పెనుకొండ స్థానాన్నే మార్చివేసింది. అళియ రామరాయలు యుద్ధంలో మరణించగా, అతని సోదరుడు తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. ఆ విధంగా ఈ పట్టణం ఆరవీటి వంశ పాలనకు కేంద్రమైంది. బీజాపూరు, గోల్కొండ సేనల ముట్టడులను ఎదుర్కొన్నది. రెండవ వేంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి మారింది.

గగన్ మహల్ రెండంతస్తుల కట్టడం. కింది భాగంలో కమానులు, పైఅంతస్తులో గదులు, కప్పుపై ఆలయ శిఖరాన్ని తలపించే గోపురాకృతి ఇందులో కనిపిస్తాయి. కమాను, గుమ్మటం దక్కను సుల్తానుల వాస్తు సంప్రదాయానికి చెందినవి. శిఖరం దేవాలయ వాస్తుకు చెందినది. హంపిలోని కమల మహల్‌లోనూ ఇదే కలయిక ఉంది. కాబట్టి దీనిని పరాజయానంతర అనుకరణగా భావించరాదు. యుద్ధానికి ఎంతో ముందే విజయనగర ప్రభువులు ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదును ధరించారు. వస్త్రధారణలోనూ, కట్టడాలలోనూ దక్కను రాజసభల మర్యాదలను స్వీకరించారు. రాజకీయ వైరం వాస్తు వినిమయానికి అడ్డు కాలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. హంపిలోని రాజప్రాసాదాలలో అత్యధికం రాతి అధిష్ఠానాలుగానే మిగిలాయి. గగన్ మహల్ ఎందుకు నిలిచింది? సమాధానం నిర్మాణ ద్రవ్యంలో ఉంది. ప్రధాన ప్రాసాదాల స్తంభాలు, దూలాలు, పైకప్పులు ఎక్కువగా కలపతో చేసినవి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ గోడల నిండా దంతపు పనితనం గల గదిని వర్ణించాడు. అటువంటి అలంకరణ అగ్నికి, దోపిడికి, చెదలకు లోనై నశించింది. కమానులపై, గుమ్మటాలపై బరువును నిలిపి, రాయి, ఇటుక, సున్నంతో కట్టినవి మాత్రం మిగిలాయి. కలప వాడకుండా నిర్మించిన చంద్రగిరి రాజమహల్ కూడా ఇందుకు తార్కాణం.

అందువల్ల నేడు కనిపించే కట్టడాలను బట్టి మాత్రమే విజయనగర రాజగృహాలను ఊహించడం సరికాదు. మిగిలినవి అన్నింటికన్నా ఘనమైనవి కానక్కరలేదు. మన్నిక గల పద్ధతిలో కట్టినవి. ఆ కాలపు వైభవంలో అధికభాగం కలపతో పాటే కనుమరుగైంది.

ఈ అవగాహన పరిరక్షణకు కూడా అవసరం. ఇటువంటి కట్టడాలకు ప్రాణం గానుగ సున్నపు గార. అది రాలినచోట వాననీరు దిగుతుంది. రావి, మర్రి మొక్కలు వేళ్లూని ఇటుకల కూర్పును విడదీస్తాయి. మరమ్మతులకు సిమెంటు వాడితే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకొని, చుట్టుపక్కల పాత గోడ మరింత త్వరగా క్షీణిస్తుంది. వాన తక్కువైన సీమ కావడం గగన్ మహల్‌కు కొంత మేలు చేసి ఉండవచ్చు గాని, సకాలంలో సున్నపు పని చేయించడానికి అది ప్రత్యామ్నాయం కాదు. నాలుగు శతాబ్దాలకు పైగా దీనిని నిలిపిన పదార్థంతోనే దీని సంరక్షణ జరగడం ఉచితం.