పాత ఇసుక తీసే ముందు

ఆత్మకూరు, గద్వాల వైపు ఇసుకంటే కృష్ణ ఇసుకే. దాన్ని శుభ్రంగా కడిగి ఉప్పునీటి అక్వేరియంలో పోయొచ్చా? పోస్తే చేపలేమీ చావవు. కాకపోతే అందులో ఎక్కువ పాలు క్వార్ట్జ్. నీటికి అదిచ్చేది ఏమీ లేదు. అందుకే సముద్రపు చేపలు పెంచేవాళ్లు గవ్వల పొడి, పగడపు పొడి కలిసిన కాల్షియం కార్బొనేట్ ఇసుక వాడతారు. తేడా తెలియాలంటే చిటికెడు ఇసుక మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయాలి. గవ్వల ఇసుక బుసబుసా పొంగుతుంది, కృష్ణ ఇసుకలో చలనం ఉండదు. అయితే అమ్మేవాళ్లు చెప్పినంత మేలు గవ్వల ఇసుకతోనూ జరగదు. పీహెచ్ 8 దాటిన నీటిలో అది కరిగేది బహు తక్కువ.

పోనీ, విశాఖ వెళ్లినప్పుడు ఓ సంచెడు తెచ్చుకుంటే? భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు థోరియం ఉండే మోనజైట్ కూడా కలిసి ఉంటుంది. అది వద్దు. సముద్రంలో పగడాలు ఏరుకోవడం అసలే కుదరదు. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి.

కొత్త ఇసుక సంగతి ఇంతే. అసలు చిక్కంతా పాతదానితోనే.

ఏళ్ల తరబడి ఉన్న ఇసుక పైపొరలో, గాలి ఆడే చోట, బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పని చేసే బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. ఆక్సిజన్ అందని కింది పొరలో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది. ఇంకా అడుగున సల్ఫేట్‌తో బతికేవి ఉంటాయి. లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ 2.7 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి వాటికి లోటు లేదు. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో కలిస్తే నలుపు. అద్దం పక్కన అడుగున కనిపించే నల్లచార అదే.

ఈ నలుపు భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు బాగా తెలుసు. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, నేల నెర్రెలిచ్చాక నల్లమట్టి గీకి పారేస్తారు. గాలి తగిలితే సల్ఫైడ్ విరిగిపోతుంది. అప్పటికి చెరువులో రొయ్య ఉండదు గనుక వాళ్లకా వీలుంది. అక్వేరియంలో క్లౌన్ చేప అక్కడే తిరుగుతుంటుంది.

ఆ పాత ఇసుకను కలబెడితే విషవాయువు లేస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది, కుళ్లిన చెత్త నుంచి అమ్మోనియా వస్తుంది. ఉప్పునీటిలో ఇది మరీ ప్రమాదం. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8.2 దగ్గర ఐదు వంతులు దాటుతుంది.

అందుకే ఒక్క రోజులో మొత్తం తోడెయ్యడం తెగింపే తప్ప తెలివి కాదు. నాలుగో వంతు చొప్పున, విడతకూ విడతకూ రెండు వారాలు ఎడం ఇవ్వాలి. మోటార్లు ఆపి, ముప్పావు అంగుళం గొట్టంతో నీళ్లతో పాటే ఇసుకను లాగేయాలి, చేత్తో కెలకకూడదు. రాళ్లు కదపాల్సి వస్తే వాటిని ట్యాంకు నీళ్లలోనే నానబెట్టాలి. వాటి మీదా బ్యాక్టీరియా ఉంటుంది. కొత్త ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి, పీవీసీ గొట్టంలోంచి అడుగుకు మెల్లగా జారవిడవాలి. పాత ఇసుక పైపొర గుప్పెడు దాని మీద చల్లితే బ్యాక్టీరియాకు విత్తనం పడినట్టే. ఆ రెండు వారాలూ మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా చూసుకోవాలి. అది కనిపించిందంటే నీళ్లు మార్చి, తర్వాతి విడత వాయిదా వేయాలి.

పాలమూరు ఎండల్లో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ ముందే తక్కువ, పైగా కరెంటు పోతే గాలి మోటారూ ఆగుతుంది. దీపావళి దాటాక మొదలుపెడితే సంక్రాంతిలోపు నాలుగు విడతలూ అయిపోతాయి.