అర్జీ రాయాలి, రశీదు అడగాలి

వాడలో బోరింగు చెడిపోయింది. ఆడవాళ్లు పొలాల్లో బావికి వెళ్లి నీళ్లు మోస్తున్నారు. బిందె పట్టుకుని తల్లి వెంట వెళ్లే ఆడపిల్ల బడి మానేస్తోంది. సర్పంచ్ గారు దారిలో కనిపిస్తే అడిగారు. "చూద్దాంలే అమ్మా" అన్నారు. వారం పోయింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఇలా ఎన్నో ఊళ్లలో జరుగుతుంది.

తాగునీరు, వీధి దీపాలు, మురుగు కాలువలు, ఊరి శుభ్రత పంచాయతీ చూడాల్సిన పనులు. వాటిని అడగడం మన హక్కు. కానీ దారిలో అడిగిన మాట దారిలోనే పోతుంది. కాగితం మీద రాసిన మాట నిలుస్తుంది.

అర్జీ ఎలా రాయాలి?

అర్జీ పెద్దదిగా ఉండనక్కర లేదు. ఇలా రాస్తే చాలు:

"సర్పంచ్ గారికి,
మా వాడలో బడి పక్కనున్న బోరింగు గొలుసు తెగి 20 రోజులైంది. 40 ఇళ్లకు ఈ నీళ్లే ఆధారం. వారం లోపల బాగు చేయించండి. అప్పటిదాకా ట్యాంకరుతో నీళ్లు పంపించండి.
ఇట్లు, వాడ మహిళలు."

కింద అందరూ సంతకాలు చేయాలి. పైన తేదీ వేయాలి. ఎక్కడ, ఏమైంది, ఎన్ని రోజులైంది, ఏం కావాలి - ఈ నాలుగూ ఉండాలి. ఒక అర్జీలో ఒకే సమస్య రాయాలి. పది రాస్తే ఒక్కటీ జరగదు. కోపం వచ్చినా తిట్లు రాయకూడదు. తిట్టు రాస్తే దాని మీదే తగువు పడుతుంది. బోరింగు సంగతి పక్కకు పోతుంది.

రశీదు ఎందుకు?

అర్జీకి నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. అప్పుడు "మాకు అందలేదు" అనడానికి ఉండదు.

గ్రామసభలో మాట్లాడాలి

ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యురాలే. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకోసారి పెట్టాలంది.

సభకు నలుగురైదుగురు కలిసి వెళ్లాలి. ఎవరు మాట్లాడాలో ముందే అనుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు పక్కన నిలబడాలి. ఆమె తడబడితే ఇంకొకరు అందుకోవాలి. "చేస్తాం" అని సర్పంచ్ గారు అంటే, "ఏ తేదీకి చేస్తారండీ?" అని అడగాలి. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రాసింది చదివి చూసుకున్నాకే సంతకం పెట్టాలి. చదువు నేర్చింది ఇందుకే కదా!

అప్పటికీ పని కాకపోతే?

అర్జీ నకలు తీసుకుని మండలంలో ఎం.పి.డి.ఓ. గారి దగ్గరకు వెళ్లాలి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. "మా అర్జీ ఏమైంది? బోరింగుల బాగుకు ఈ ఏడాది ఎంత ఖర్చు పెట్టారు?" అని ఆ చట్టం కింద రాసి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దీనికి ఫీజు లేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. పంచాయతీనైతే రాసి అడగాలి. పదిమంది కలిసి అడగాలి. పని అయ్యేదాకా అడగాలి.