ఒకే చేను, రెండు కూలిరేట్లు: చట్టమేమంటున్నది?

పొలిమేరకు ఇవతల ఒక కూలిరేటు, అవతల మరొక రేటు ఉండుట మన గ్రామాలకు కొత్త కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం క్రింద 2024-25లో దినకూలి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రూ.300, కర్ణాటకలో రూ.349, తమిళనాడు, యానాంలలో రూ.319, మహారాష్ట్రలో రూ.297, ఒడిశాలో రూ.254. రాష్ట్రాన్ని బట్టి రేటు మారినదే గాని, స్త్రీ పురుష భేదాన్ని బట్టి ఎక్కడా మారలేదు. మరి ఒకే చేనులో ఒకే పని చేసిన భార్యాభర్తలు సాయంత్రానికి వేర్వేరు కూలి పుచ్చుకొనుట న్యాయమా?

కాదనియే మన చట్టం చెబుతున్నది. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39వ అధికరణంలోని ఆదేశిక సూత్రం. ఇదే విషయమై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడికను భారతదేశం 1958లో ఆమోదించింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చింది. ఇది కేంద్ర చట్టం గనుక సరిహద్దుకు ఇరువైపులా ఒక్కటే. వ్యవస్థీకృత, అవ్యవస్థీకృత రంగాలు రెంటికీ వర్తిస్తుంది.

ఒకే యజమాని వద్ద ఒకే పని, లేక అదే తరహా పని చేసేవారికి వేతనంలో లింగ వివక్ష చూపరాదు. సమానం చేసే నెపంతో మగవారి కూలి తగ్గించుటకూ వీలులేదు. ఇచ్చుకోలేమన్న సాకు గాని, యూనియన్‌తో ఒప్పందమున్నదన్న సాకు గాని చెల్లదని ఒక కంపెనీలోని స్త్రీ స్టెనోగ్రాఫర్ల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1987లోనే తీర్పు చెప్పింది.

చిక్కంతా "అదే తరహా పని" అన్న మాటలో ఉన్నది. నేర్పు, శ్రమ, అనుభవం, బాధ్యత సమానమైతేనే చట్టం దానిని సమాన పనిగా ఎంచుతుంది. స్త్రీపురుషులు కలిసి మిరపకాయలు కోసినచో పోలిక సులభం. కాని నాట్లు, కలుపుతీత ఆడవారి పని అనియు, మోత, మందు పిచికారీ మగవారి పని అనియు ఊరు ముందే విభజించినచోట పోల్చుటకు పక్కన మగకూలీ ఉండడు. రోజంతా నడుము వంచి నాట్లు వేయుటలోని నేర్పును తక్కువగా లెక్కగట్టినది చట్టం కాదు, మన అలవాటే. అటువంటి చోట కనీస వేతనమైనను అందుతున్నదా అని చూచుకోవలెను.

తక్కువ ముట్టినప్పుడు కార్మికశాఖ నియమించిన అధికారి వద్ద మూడు సంవత్సరాలలోపు క్లెయిము దాఖలు చేయవచ్చును. కూలీ స్వయంగా గాని, ఆమె సభ్యురాలైన సంఘం గాని వేయవచ్చును. పూర్తిగా చెల్లించినట్లు రుజువు చేసుకొనవలసిన భారం యజమానిదే. అయినను చేతిలో లెక్క ఉండుట మేలు. ఏ తేదీన, ఎవరి చేనులో, ఏ పనికి, ఎవరికెంత ముట్టినదో ఇంటిలో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకొనండి. బడికి వెళ్ళే పిల్లలు ఆ పని ఇష్టంగా చేస్తారు. అమ్మ కూలికీ నాన్న కూలికీ గల తేడా వారి కంటపడుటయు మంచిదే.