తాళం తిప్పితే టకటకా!

పొద్దున్నే ఆఫీసుకు టైమవుతోంది. కారెక్కి తాళం తిప్పగానే ‘టకటకటక...’ ఇంజిన్ మాత్రం కదల్లేదు. మళ్లీ తిప్పితే మళ్లీ అదే చప్పుడు. పక్క ఫ్లాటు ఆయన బాల్కనీలోంచి తొంగిచూసి ‘సెల్ఫ్ మోటారు పోయినట్టుందండీ’ అని తేల్చేస్తాడు. మెకానిక్‌కు ఫోన్ చేసి అదే మాట చెబుతారు. జేబుకు చిల్లు పడేది సరిగ్గా అక్కడే. ఎందుకంటే చాలాసార్లు ఆ చప్పుడుకు కారణం సెల్ఫ్ మోటారు కానే కాదు.

కారు స్టార్టయ్యేటప్పుడు వచ్చే చప్పుళ్లన్నీ ఒక్కటి కావు. ఇంజిన్ అందుకోకముందు వచ్చేది వేరు, అందుకున్న రెండు క్షణాలు వినిపించి ఆగిపోయేది వేరు, ఆ తర్వాతా వదలనిది వేరు. ఎప్పుడొచ్చిందో గమనిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఈ ‘సెల్ఫ్’ రాకముందు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాల్సి వచ్చేది. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్‌ను 1912లో క్యాడిలాక్ కార్లకు బిగించాక ఆ బాధ తప్పడం మొదలైంది. మన అంబాసిడర్‌లో మాత్రం ఆ హ్యాండిల్ చాలా ఏళ్లు తోడుంది. బ్యాటరీ మొరాయిస్తే అదే దిక్కు మరి!

తాళం తిప్పినా, బటన్ నొక్కినా లోపల జరిగేది ఒకటే. సోలినాయిడ్ అనే అయస్కాంత స్విచ్ ఓ చిన్న పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఫ్లైవీల్ పళ్లలో ఇరికిస్తుంది. మోటారుకు కరెంటు అందిస్తుంది. ఆ క్షణంలో మోటారు వంద ఆంపియర్లకు పైగానే లాగేస్తుంది. రెండు మామూలు హెడ్‌లైట్ బల్బులు వెలగడానికి పది ఆంపియర్లు చాలు. కాబట్టి ‘లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ బాగానే ఉంది’ అనుకుంటే పొరపాటే. నీరసించిన బ్యాటరీ మీద మోటారు భారం పడగానే వోల్టేజి పడిపోతుంది, సోలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టూవిడుపుల చప్పుడే ఆ టకటక.

ముందు బానెట్ ఎత్తండి

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందా? క్లాంపు పట్టుకుని తిప్పితే కదులుతోందా? అయితే ఖర్చు వంటింట్లోని సోడాపొడితో సరి. ఇంజిన్ ఆపి, ఉంగరాలు తీసేసి, గ్లవ్స్ వేసుకుని ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పాలి. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. తుడిచి, ఆరాక బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. నిప్పును దగ్గరికి రానివ్వొద్దు.

అప్పటికీ టకటక పోకపోతే మీటరు పెట్టించండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో నిండు చార్జింగ్ ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. మూడు నుంచి అయిదేళ్లు దాటిన బ్యాటరీ అయితే దాని మీద ఆశ తగ్గించుకోవచ్చు.

మరో పరీక్ష. హెడ్‌లైట్లు వేసి, ఇంట్లోవాళ్లను తాళం తిప్పమని మీరు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చూడండి. లైట్లు బాగా మసకబారితే అనుమానం బ్యాటరీ మీద, దాని తీగల మీద. కాంతి తగ్గకుండా ఒక్కసారే ‘టక్’మని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్ మోటారును అనుమానించాలి. అప్పుడైనా మొత్తం మోటారు మార్చేయమని తొందరపడొద్దు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటే ఆటో ఎలక్ట్రీషియన్ వాటిని మార్చి ఇవ్వగలడు.

ఇంజిన్ కదలకుండా మోటారు ఒక్కటే ‘జుయ్‌య్’మని తిరిగితే పళ్లచక్రం ఫ్లైవీల్‌ను పట్టుకోవడం లేదన్నమాట. ‘గర్‌ర్’మని ఇనుము కోస్తున్నట్టు వినిపిస్తే పళ్లు అరిగాయి. దీన్ని వాయిదా వేయడం మంచిది కాదు. ఫ్లైవీల్ పళ్ల దాకా వస్తే గేర్‌బాక్సు దించాల్సిందే. నడుస్తున్న ఇంజిన్‌కే మర్చిపోయి మళ్లీ తాళం తిప్పినా ఇదే చప్పుడు!

స్టార్టయ్యాక...

అన్నింట్లోకీ భయపడాల్సింది, జనం పట్టించుకోనిది ఒకటుంది. ఇంజిన్ అందుకోగానే రెండు క్షణాల ‘గడగడ’. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది. ఫిల్టర్‌లో కొంత ఆయిల్‌ను పట్టి ఉంచేందుకు చిన్న వాల్వు ఉంటుంది. నాసిరకం ఫిల్టర్లో అది సరిగా పనిచేయకపోతే ఆయిల్ పైకి చేరేదాకా లోహం లోహాన్ని కొట్టుకుంటుంది. సమతల నేల మీద డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ కనిష్ఠ గీత కంటే కింద ఉంటే నింపాకే స్టార్ట్ చేయాలి. ఆయిల్ సరిపడా ఉన్నా, మంచి ఫిల్టర్ వేసినా గడగడ ఆగకపోతే టైమింగ్ చెయిన్ చూపించాలి. డ్యాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ దీపం ఆరకపోతే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయండి. షెడ్డుదాకా నడిపించుకుని వెళ్లొద్దు.

‘కీచ్’మని అరిచేది ఫ్యాన్ బెల్టు. వానాకాలం పొద్దుటిపూట తడికి మరీ గోల చేస్తుంది. ఇంజిన్ ఆపాకే బెల్టును చూడాలి. తిరుగుతుండగా వంగితే చున్నీ, కొంగు చిక్కుకునే ప్రమాదం ఉంది. పగుళ్లున్నా, అద్దంలా నునుపెక్కినా మార్చేయడమే. ట్రాక్టర్‌లా మోత మోగుతుంటే సైలెన్సర్ జాయింటు ఊడిందని అర్థం. దాని పొగ కారులోకి వస్తే ప్రాణాంతకం కూడా. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి పరీక్షలు చేయొద్దు.

చల్లటి ఇంజిన్‌లో వచ్చే చప్పుడు షెడ్డుకు చేరేసరికి మాయమైపోతుంటుంది. ‘బాగానే ఉంది కదండీ’ అంటాడు మెకానిక్. అందుకే ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే సెల్‌ఫోన్లో రికార్డు చేసుకోండి. లేదంటే ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదిలేసి, తెల్లారాక మొదటి స్టార్టు మెకానిక్‌నే కొట్టమనండి.